మంట ఎరగని చెయ్యి

మాఘమాసం వచ్చిందంటే నందిగామ చుట్టుపక్కల ఏ ఊరి పొలిమేరలో అడుగుపెట్టినా ముందు తుమ్ము వస్తుంది. ఆ తరువాత కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు కనిపిస్తాయి. వాటి పక్కన ఆడవాళ్ళు వరసగా కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంటారు, తొడిమలు తీస్తుంటారు. మధ్యాహ్నమయ్యేసరికి చేతులు భగ్గుమంటాయి. ఇంటికి పోయి ఆముదం రాసుకుంటారు, మజ్జిగలో ముంచుకుంటారు, అయినా తగ్గక వేళ్ళు ఊదుకుంటూ మొగుళ్ళను తిడతారు. పాపం, మొగుళ్ళు ఏం చేశారని? ఏమీ చెయ్యలేదు. చెయ్యి మండుతుంటే ఎవరినో ఒకరిని తిట్టాలి కదా!

ఆ వరసలో ఒక్క మనిషి మాత్రం ఎవరినీ తిట్టేది కాదు. ఆవిడ రత్తయ్య భార్య దుర్గాంబ. మునేటి ఒడ్డున నాలుగెకరాల సంసారం వాళ్ళది. ఊరి పేరు ఎందుకులెండి, ఆనాటి వాళ్ళు ఇంకా కొందరున్నారు, పేరు చెబితే నొచ్చుకుంటారు.

డెబ్భై మూడో సంవత్సరం మిరపకాయల రోజుల్లో దుర్గాంబ పేరు ఊరంతా మోగిపోయింది. ఇద్దరు మనుషులు చేసే పని ఒక్కతే చేసేది. అందరూ చేతులు విదిలించుకుంటుంటే ఆవిడ కుడి చెయ్యి మాత్రం ఆగకుండా ఆడేది. "ఏమే దుర్గాంబా, నీ చెయ్యి మండదా? ఏం మంత్రం వేయించుకున్నావే?" అని వేళాకోళం చేశారు. "మా పుట్టింటి చలవ" అని నవ్వేసింది దుర్గాంబ. రత్తయ్య అంతకంటే ఘనుడు. నందిగామలో టీ కొట్టు దగ్గర కూర్చుని, "మా ఇంటిదాని చేతికి మంటే తెలవదండీ, లక్ష్మీదేవి చెయ్యండీ అది" అని పదిమందికీ చెప్పుకుని మురిసిపోయాడు. మన బుద్ధులు అలా ఏడిశాయి. చెయ్యి చచ్చిపోతుంటే ఊరంతా కలిసి దాన్ని వరమనుకున్నాం.

అసలు సంగతి బయటపెట్టింది ఆరేళ్ళ పిల్ల భారతి. ఒక్కగానొక్క కూతురు. పేరు భారతీదేవి అని గొప్పగా పెట్టుకున్నారు గానీ ఇంట్లో భారతే. ఆ పూట తల్లి అన్నం గంజి వారుస్తుంటే పక్కనే కూర్చుని చూస్తోంది. చూసి చూసి ముఖం చిట్లించి, "అమ్మా, నీ చెయ్యి కాలుతోందమ్మా" అంది. దుర్గాంబ దించి చూసుకుంది. మసిగుడ్డ ఎప్పుడో జారిపోయింది. కాగే గిన్నెను అరచేత్తో పట్టుకునే ఉంది. చర్మం ఉబ్బి నీటి బుడగ లేచింది.

"నొప్పి లేదా అమ్మా?" అని అడిగింది పిల్ల.

లేదు. అదే కదా ఉన్న గొడవంతా. దుర్గాంబ దొడ్లోకి పోయి రవిక చెయ్యి పైకి లాక్కుని చూసుకుంది. మోచేతి కింద రూపాయి బిళ్ళంత మచ్చ, పాలిపోయి ఉంది. పిన్నీసుతో గుచ్చి చూసుకుంది. రక్తం వచ్చింది గానీ ఏమీ తెలియలేదు. బావి గట్టు మీద అలాగే కూలబడిపోయింది. ఆ మచ్చ ఏమిటో ఆవిడకు ఒకరు చెప్పక్కర్లేదు. చిన్నప్పుడే చూసింది.

దుర్గాంబ పుట్టిల్లు జగ్గయ్యపేట అవతల, పాలేటి ఒడ్డున. ఆవిడకు పుష్పవతి అని ఒక మేనత్త ఉండేది. చక్కటి మనిషి, చక్కగా పాడేదట. పెళ్ళయిన నాలుగేళ్ళకు అత్తవారు బండెక్కించి పుట్టింటికి పంపేశారు. పెద్దరోగం అన్నారు. దాని అసలు పేరు ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. దుర్గాంబ తండ్రి తాటితోపులో ఒక గుడిసె వేయించి చెల్లెల్ని అందులో ఉంచాడు. రోజూ అన్నం పట్టుకెళ్ళే పని తొమ్మిదేళ్ళ దుర్గది. గుడిసెకు పది బారల దూరంలో చదునురాయి ఉండేది. దాని మీద గిన్నె పెట్టి, "అత్తా, అన్నం!" అని కేకేసి వెనక్కు రావాలి. వెనక్కు తిరిగి చూడకూడదని నాయనమ్మ ఆన.

ఒకనాడు వెళ్ళేసరికి అత్త ఆ రాయి పక్కనే కూర్చుని ఉంది.

"దుర్గా, ఒక్కసారి దగ్గరకు రావే" అంది. "నీ జడ ఊడిపోయింది చూడు. వేస్తా. వేళ్ళు సరిగ్గా లేవు గానీ వెయ్యగలనే. రామ్మా."

చెయ్యి చాపింది. దుర్గ ఆ చేతిని చూసింది. గిన్నె పారేసి పరిగెత్తింది. ఇంటికొచ్చిందాకా ఆగలేదు. మర్నాటి నుంచి పాలేరు అన్నం పట్టుకెళ్ళాడు. ఇరవై రోజులకు పుష్పవతి పోయింది. గుడిసెతో సహా తగలబెట్టారు. తాటితోపు మీద లేచిన పొగను దుర్గ దొడ్లోంచి చూసింది. మట్టిలో పడ్డ ఆ అన్నాన్ని అత్త ఏరుకుని తిందో, ఆ పూట పస్తే ఉందో ఎవరినీ అడగలేకపోయింది. ఆ పరుగు సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు. తల్లికి చెప్పలేదు, కట్టుకున్నవాడికీ చెప్పలేదు.

ఇప్పుడు బావి గట్టు మీద కూర్చుంటే మళ్ళీ ఆ పొగే కనిపించింది. నాకూ గుడిసె వేస్తారు అనుకుంది. భారతి అన్నం తెచ్చి రాయి మీద పెడుతుంది. నేను చెయ్యి చాపుతాను. అది పరిగెత్తుతుంది. ఇంక అంతకు మించి ఆలోచన సాగలేదు. నా బిడ్డ నన్ను చూసి పరిగెత్తకూడదు. నా రోగం నా బిడ్డకు అంటకూడదు. ఈ రెండు ముక్కలు పట్టుకుని తొమ్మిదేళ్ళు బతికింది ఆ మనిషి.

దాచడమంటే మాటలా? నందిగామలో మొహిద్దీన్ అని దర్జీ ఉండేవాడు. రవిక చేతులు మోచేతి కిందకు కుట్టమంది. "బట్ట ఎక్కువ పడుద్దమ్మా, ఎండలకు ఉడికిపోతారు కూడా" అని మొత్తుకున్నాడు. "నాకు చలిరోగంలే" అంది. మొగుడి పక్కకు పోకుండా సోమవారం ఉపవాసమనీ, శనివారం మొక్కనీ, ఏకాదశనీ పంచాంగమంతా అడ్డం పెట్టుకుంది. రత్తయ్య మంచివాడు. నాలుగు రోజులు అలిగి, నాలుగు నెలలు ఎదురుచూసి, అరుగు మీద మంచం వేసుకున్నాడు.

దొంగకు తేలు కుట్టినట్టు అంటారు. మంట పుట్టినా నోరెత్తలేడని. దుర్గాంబది దానికి తిరగేసిన బతుకు. మంట పుట్టకపోయినా నోరెత్తాలి. మరుసటి ఏడు మిరపకాయల రోజుల్లో అందరికంటే ముందు ఆవిడే "ఉస్సు, ఉస్సు" అనేది. అందరికంటే ఎక్కువ ఆముదం ఆవిడే రాసుకునేది. "పోయినేడు చలవ అన్నావుగా, ఏమైందే?" అంటే, "దిష్టి పెట్టారుగా తల్లుల్లారా, పోయింది" అనేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆవిడా నవ్వేది. పక్కవాళ్ళు ఎప్పుడు చెయ్యి ఊదుకుంటే అప్పుడు తనూ ఊదుకునేది. లేని మంటను అభినయించడం ఎంత కష్టమో చెయ్యి మండేవాళ్ళకు ఏం తెలుసు?

అన్నిటికంటే కష్టం భారతితో. పిల్లకు తల్లి ఒళ్ళో పడుకోందే నిద్రపట్టదు. తల్లి ముద్ద కలిపి పెడితేనే తింటుంది. దుర్గాంబ ముద్దలు మానేసింది, చెంచా ఇచ్చింది. జడ వెయ్యడం పక్కింటి దానికి అప్పజెప్పింది. ఒళ్ళోకి వస్తే "ఉక్కపోస్తోంది, పో" అని కసురుకుంది. పిల్ల అంతకంతకూ కరుచుకుపోయేది. చివరికి ఇలా కాదనుకుని రత్తయ్యతో, "జగ్గయ్యపేటలో మీ చెల్లెలికి పిల్లల్లేరుగా. అక్కడ బడి బాగుంటుందట. దీన్ని అక్కడుంచి చదివిద్దాం" అంది.

"దాన్ని కూడా వదిలించుకుంటున్నావా?" అన్నాడు రత్తయ్య. దుర్గాంబ పిల్ల బట్టలు సంచీలో సర్దడం మొదలుపెట్టింది.

నందిగామ బస్టాండులో పేట బస్సు వచ్చి ఆగింది. రత్తయ్య చెల్లెలు వెంకటరత్నం పిల్లను చెయ్యి పట్టుకుని లాగుతోంది. భారతి తల్లి నడుము రెండు చేతులా చుట్టేసింది. "నేను అల్లరి చెయ్యనమ్మా, ముద్దలు కూడా అడగనమ్మా, చెంచాతోనే తింటానమ్మా!" అని ఏడుపు. బస్సులోవాళ్ళంతా చూస్తున్నారు. అరచేత్తో ముట్టుకోవడానికి భయం. దుర్గాంబ మోచేతులతో నెట్టింది బిడ్డను. మోచేతులతో! పొద్దున్నే కల్లాపి చల్లుతూ మొదలుపెట్టిన ఏడుపు బస్సు వెళ్ళిందాకా లోపలే అదిమిపెట్టి, బస్సు మలుపు తిరిగాక మూత్రశాల గోడ చాటుకు పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

బడి సెలవుల్లో భారతి వచ్చేది. మొదటి ఏడు పరిగెత్తుకుంటూ వచ్చింది. రెండో ఏడు నడిచి వచ్చింది. ఆ తరువాత గుమ్మంలో నిలబడి, "బాగున్నావా అమ్మా?" అని చుట్టం అడిగినట్టు అడగడం నేర్చుకుంది. దుర్గాంబ దూరం నుంచే చూసుకునేది. పిల్ల పడుకున్నాక పక్క మీద వదిలిన పావడాను తెచ్చి ముఖానికి ఆనించుకునేది. ముఖానికి ఇంకా స్పర్శ ఉంది, అదొక్కటే మిగిలిన అదృష్టం.

డెబ్భై తొమ్మిదిలో భారతి పెద్దమనిషి అయింది. పేటలో మేనత్త ఇంట్లోనే పేరంటం. మొదటి చిమ్మిలి ముద్ద తల్లి పెట్టాలి కదా. అందరూ దుర్గాంబ కోసం చూశారు. ఆవిడ వీధి గుమ్మంలోనే నిలబడి, "నేను బయటున్నా, ముట్టుకోకూడదు, మీరు కానివ్వండి" అంది. అబద్ధం. ఆడది ముట్టుకోకుండా తప్పించుకోవడానికి మన వాళ్ళు పెట్టిన ఒకే ఒక్క తోవ అది. ఆ తోవనే పోయింది. వెంకటరత్నం చిమ్మిలి పెట్టింది. భారతి నమల్లేదు. నోట్లో పెట్టుకుని తల్లి వంకే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం బస్సు వేళకు దొడ్డిదారిన వచ్చి ఎదురుగా నిలబడింది పిల్ల. "నీకు నేనంటే అసహ్యమా అమ్మా?"

"పిచ్చి మాటలు మాట్లాడమాకు."

"మరి ఎందుకమ్మా?"

"బస్సుకు టైమైంది" అంది దుర్గాంబ. వెళ్ళిపోయింది. ఏం మనిషమ్మా అనిపిస్తుంది వింటే. ఆ పొగను చూడనివాళ్ళం మనం, మనకేం, ఎన్నయినా అనుకుంటాం.

ఆ రోజుల్లో కుష్టు పరీక్షలకు ఒకాయన సైకిలు మీద ఊరూరూ తిరిగేవాడు. పేరు ఏలీయా. నలభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, క్యారియరుకు కట్టిన సంచీ. ఆయన ఎడమ చేతి వేళ్ళు రెండు లోపలికి ముడుచుకుపోయి ఉండేవి. సైకిలు గంట వినబడితే దుర్గాంబ చేలోకి పారిపోయేది. రెండేళ్ళు అలాగే గడిపింది. "మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదయ్యా" అని ఒకసారి తలుపు చాటు నుంచే చెప్పి పంపింది.

ఎనభై రెండులో పత్తి తీస్తుండగా దొరికిపోయింది. గట్టు మీదుగా సైకిలు నడిపించుకుంటూ పోతున్న ఏలీయా ఆగి, "అమ్మగారూ, చెయ్యి తెగింది చూసుకోండి" అన్నాడు. ఒళ్ళో తెల్లటి పత్తంతా ఎర్రటి మరకలు. ఎప్పుడు కోసుకుందో ఏమో, దుర్గాంబకు తెలియనే తెలియలేదు. ఏలీయా ఆ చేతిని చూశాడు, ఎండలో మోచేతి కింద దాకా ఉన్న రవికను చూశాడు. గాయానికి కట్టు కట్టాలి, ఇంటికి పదండి అన్నాడు.

అరుగు మీద కూర్చోబెట్టి కట్టు కట్టాక, "ఒక్క నిమిషం పని. కళ్ళు మూసుకోండి. చేతి మీద ఈక ఆనిస్తా, తగిలినప్పుడల్లా 'ఆ' అనండి" అన్నాడు.

దుర్గాంబ కళ్ళు మూసుకుంది. తొమ్మిదేళ్ళుగా నేర్చుకున్న విద్య అక్కరకు రాకపోతుందా అనుకుంది. కాసేపాగి "ఆ" అంది. ఇంకాసేపాగి "ఆ" అంది. మళ్ళీ "ఆ" అంది.

"అమ్మగారూ" అన్నాడు ఏలీయా నెమ్మదిగా. "నేనింకా ఈక తియ్యలేదండీ. జేబులోనే ఉంది."

దుర్గాంబ కళ్ళు తెరవలేదు. వంగిపోయి, అరుగు మీద తల ఆనించి, "నీకు దణ్ణం పెడతా, ఎవరికీ చెప్పమాకు. నాకో కూతురుంది. నీకు దణ్ణం పెడతానయ్యా" అని అదే మాట పదిసార్లు అంది. ఏలీయా తన ముడుచుకుపోయిన చెయ్యి చాపి ఆవిడ చేతిని పట్టుకున్నాడు. దుర్గాంబ అదిరిపడి లాక్కోబోయింది. ఆయన వదల్లేదు. "నాకూ ఇదే వచ్చిందండీ. నేనూ దాచా. అందుకే ఈ వేళ్ళు పోయాయి. మా అన్న పెళ్ళికి కూడా పోకుండా చెరువు కట్ట కింద కూర్చున్నా" అన్నాడు. తొమ్మిదేళ్ళ తరువాత ఒక మనిషి ఆ చేతిని అలా పట్టుకోవడం. ఆ చేతికి అది తెలియలేదు గానీ, కళ్ళతో చూస్తూ కూర్చుంది.

మిషను ఆస్పత్రికి తీసుకెళ్ళి చూపించాడు. చెవి తమ్మె దగ్గర చిన్న గాటు పెట్టి పరీక్ష చేశారు. మందుబిళ్ళలు ఇచ్చారు. బయట వేపచెట్టు కింద ఏలీయా చెప్పాడు. "మందుతో రోగం పోద్దండీ. చచ్చిన చెయ్యి మాత్రం తిరిగి రాదు, దాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి. ఇంకొకటి. మీది ఒకరికి అంటుకునే రకం కాదు."

"ఇప్పుడు అంటదా?"

"ఎప్పుడూ అంటేది కాదండీ. మొదట్నుంచీ కాదు."

దుర్గాంబకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ మాటే మళ్ళీ తనలో తను అనుకుంది. మొదట్నుంచీ కాదు. అయితే ముద్దలు కలిపి పెట్టొచ్చు. జడ వెయ్యొచ్చు. బస్టాండులో పిల్ల నడుము చుట్టేసినప్పుడు ఎత్తుకోవచ్చు. చిమ్మిలి పెట్టొచ్చు. ఇన్నేళ్ళు బిడ్డను కాపాడుతున్నాననుకుంది. దేని నుంచి కాపాడింది? వట్టి గాలి నుంచి. "నా తల్లీ! నా బంగారు తల్లీ!" అని నెత్తి కొట్టుకుంటూ ఆ చెట్టు కింద ఆ మనిషి ఏడ్చిన ఏడుపుకు పక్కన కూర్చున్న రోగులు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

ఇంటికొచ్చి రత్తయ్యకు చెప్పింది. ఆయన విని, తలపాగా తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని, "నేను చేసిన తప్పేంటో తెలవక ఇన్నేళ్ళూ చచ్చానే" అన్నాడు. తరువాత, "అన్నం పెట్టు" అన్నాడు. దుర్గాంబ గరిట తీసింది. "చేత్తో పెట్టు" అన్నాడు. మంచివాడని ముందే చెప్పాను కదా.

రోగానికి మందు దొరికింది. సిగ్గుకేది మందు? ఊరికి తెలిస్తే ఏమవుతుందన్న భయం పోలేదు. కూతురి ఎదుటపడే ధైర్యం అసలే లేదు. అన్నిటికంటే లోపల, ఆ తాటితోపులో పరుగు అలాగే ఉంది. నెలనెలా బిళ్ళలు ఇవ్వడానికి ఏలీయా వచ్చేవాడు. ఒకసారి ఆయనే చెప్పాడు, వాళ్ళ యేసుప్రభువు దగ్గరకు ఒక కుష్టురోగి వచ్చిన సంగతి. ఊరు వెలేసిన మనిషి, ఎవరినీ ముట్టుకోకూడని మనిషి, వచ్చి మోకరించి, నీకు ఇష్టమైతే నన్ను బాగుచెయ్యగలవు అన్నాడట.

"బాగుచేసి, తరువాత దగ్గరకు తీశాడా?" అని అడిగింది దుర్గాంబ.

"కాదండీ. ముందు చెయ్యి చాపి ముట్టుకున్నాడు. ఆ తరువాతే బాగైంది."

"రోగం ఉండగానే?"

"ఉండగానే."

"పరిగెత్తలేదా?"

ఏలీయాకు ఆ ప్రశ్న ఎందుకో తెలియదు. "ఆయనెందుకు పరిగెత్తుతాడమ్మా?" అన్నాడు.

దుర్గాంబ ఆ మాటను పట్టుకుని వారం రోజులు తిరిగింది. పొయ్యి దగ్గర, చేలో, మునేటి రేవులో అదే. ఉండగానే ముట్టుకున్నాడు. అత్త చెయ్యి చాపితే నేను పరిగెత్తాను, ఆయన పరిగెత్తలేదు. అత్త దగ్గర ఆయన ఉండి ఉంటాడా? నా చెయ్యి కూడా అలాగే పట్టుకుంటాడా, ఆ పరుగు సంగతి తెలిసి కూడా? ఆదివారం నాడు ఊరికి ఎడంగా ఉన్న పల్లెలో తాటాకుల ప్రార్థన పాకకు నడుచుకుంటూ వెళ్ళింది. గుమ్మంలో నిలబడితే ఒక ముసలమ్మ జరిగి చాప మీద చోటిచ్చింది.

మూడు నెలలు అలా వెళ్ళింది. అక్కడొక ఆనవాయితీ ఉంది. పాటలయ్యాక ఎవరైనా లేచి తమకు జరిగింది చెప్పుకుంటారు, సాక్ష్యం అంటారు. ఒక ఆదివారం దుర్గాంబ లేచింది. రోగం గురించి మొదలుపెడుతుందని ఏలీయా అనుకున్నాడు. ఆవిడ, "నాకొక మేనత్త ఉండేది. పుష్పవతి ఆమె పేరు. జడ వేస్తానని పిలిస్తే నేను పరిగెత్తా. నేనే ఆమెను చంపుకున్నా" అంది. ఇరవై ఏడేళ్ళ తరువాత ఆ పేరు ఆవిడ నోట వచ్చింది. ఆ తరువాత రవిక చెయ్యి పైకి లాగి మచ్చ చూపించింది. "నాకూ అదే రోగం. దాచా. నా బిడ్డను దూరం చేసుకున్నా. ఇంక దాచను. నన్ను ముట్టుకున్న దేవుడికి నా రోగం ముందే తెలుసు, నా పరుగూ తెలుసు" అంది. చాప మీది ముసలమ్మ లేచి, ఊడిపోయిన దుర్గాంబ ముడిని సరిచేసి కట్టింది.

ఊరు ఊరుకుంటుందా! సాయంత్రానికి ఇంటింటా అదే మాట. మిరపకాయల వరసలో ఆవిడ చోటు పోయింది. బావి దగ్గర చేదను వేరు చేశారు. విచిత్రమేమిటంటే, కొందరికి రోగం కంటే, ఊరు అంటరానివాళ్ళన్న పల్లెవాళ్ళ చాప మీద కూర్చోవడమే పెద్ద తప్పుగా కనిపించింది. దుర్గాంబ ఏడవలేదని కాదు, ఏడ్చింది. కానీ పొట్టి చేతుల రవిక తొడుక్కుని ఏడ్చింది. మునేటిలో బాప్తిస్మం తీసుకున్న రోజున ఒడ్డు మీద ఊళ్ళోవాళ్ళు చోద్యం చూస్తుంటే, తడిసిన చేతులను దాచుకోకుండా గట్టెక్కి వచ్చింది.

ఇంక మిగిలింది పేట ప్రయాణం. ఎనభై మూడు మాఘమాసం. భారతికి పదహారేళ్ళు, ఇంటర్ చదువుతోంది. ఒక సంగతి ముందే చెబుతున్నా, తరువాత నన్ను తిట్టుకోవద్దు. ఆ ప్రయాణంతో భారతి ఇంటికి తిరిగి రాలేదు. చదువూ అక్కడే, బతుకూ అక్కడే అల్లుకుపోయింది. ముద్దలు తినే వయసు పోయింది, జడ వేయించుకునే వయసూ పోయింది. ఏ దేవుడూ ఏడేళ్ళ పిల్లను తిరిగి తెచ్చి ఒళ్ళో పడుకోబెట్టడు. దుర్గాంబకు అది తెలిసే బస్సెక్కింది.

వెంకటరత్నం ఇంటి వసారాలో కారానికి మిరపకాయలు పోసుకుని మేనత్తా మేనకోడలూ తొడిమలు తీస్తున్నారు. దుర్గాంబ లోపలికి రాలేదు. మెట్ల కిందే నిలబడింది. "ఏంటి వదినా, అక్కడే ఆగావు?" అంది వెంకటరత్నం.

అక్కడి నుంచే చెప్పింది. మచ్చ, గిన్నె, బుడగ, ముద్దలు మానడం, బస్టాండులో మోచేతులు, పేరంటం నాటి అబద్ధం, అన్నీ. ఎప్పుడూ అంటుకునే రోగమే కాదని డాక్టర్లు చెప్పినదీ చెప్పింది. చివరికి పుష్పవతి సంగతీ చెప్పింది. వింటూ వింటూ వెంకటరత్నం తెలియకుండానే రెండడుగులు వెనక్కు వేసి, మంచినీళ్ళ బిందెను పక్కకు జరిపింది. దుర్గాంబ అది చూసింది, ఏమీ అనుకోలేదు.

భారతి తలెత్తలేదు. చేతిలో కాయను ముక్కలు ముక్కలు చేస్తోంది.

"తొమ్మిదేళ్ళమ్మా" అంది చివరికి. "నాలో ఏదో ఉందనుకున్నా. నేనే బాగాలేననుకున్నా. రోజూ సబ్బుతో రెండుసార్లు తోముకునేదాన్ని, మా అమ్మకు నా వాసన పడదేమో అని. నాకు చెప్పొచ్చుగా. గుడిసెలో పడేస్తే నేనూ నీ పక్కనే ఉండేదాన్నిగా!"

"నీ ఇష్టం తల్లీ. పరిగెత్తినా నేనేమీ అనుకోను. నేనూ పరిగెత్తిన దాన్నే" అంది దుర్గాంబ. కుడి చెయ్యి చాపింది. అత్త చాపినట్టే. చాపి, కళ్ళు మూసుకుంది. ఆ పరుగును ఈసారి కళ్ళతో చూడలేననిపించింది. ప్రభువా, దాని అడుగుల చప్పుడు వినే బలం ఇవ్వు అనుకుంది.

ఒళ్ళోంచి మిరపకాయలు గలగలా రాలిన చప్పుడు వినిపించింది. అడుగుల చప్పుడూ వినిపించింది. అవి ఎటు పోతున్నాయో తెలియలేదు. చాపిన చేతిని ఎవరైనా పట్టుకున్నారో లేదో కూడా తెలియలేదు, ఆ చెయ్యి చెప్పదుగా. అలా ఎంతసేపు నిలబడిందో.

అప్పుడు చెంపల మీద ఏదో తగిలింది. రెండు అరచేతులు. కన్నీళ్ళు తుడుస్తున్నాయి. తుడిచిన చోటల్లా ముందు చురుక్కుమంది, తరువాత మండింది. కళ్ళలోకి పాకి భగభగా మండింది. ఏళ్ళ తరబడి ఆవిడ అభినయించిన మంట, ఇన్నాళ్ళకు నిజంగా వచ్చింది.

"ఆ" అంది దుర్గాంబ.

"అయ్యో, మిరపకాయల చేతులమ్మా!" అని భారతి గబుక్కున చేతులు తియ్యబోయింది. "మండుతోందా?"

"మండుతోందే" అంది దుర్గాంబ, కళ్ళు మూసుకునే. "తియ్యమాకు."